ఏటిలోనికి ఊరెడు ఉప్పు: మూసీ, కాగ్నా నదుల చరిత్రలో ఒక ప్రకరణము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, వారి మనస్సులో అనంతగిరి దేవళమో, మాన్యఖేటపు రాజులో ఉండియుందురు. నేను ఉప్పును గూర్చి వ్రాయుదునంటిని. వారు ఒకింత నవ్వి, “మీ ఇష్టమండీ” అనిరి. చదువరులు ఈ సాహసమును మన్నింతురు గాక. నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. మా తాతగారు పట్వారీ. నేను 2020లో గ్రామ రెవెన్యూ అధికారి పదవి రద్దగువరకు ఊరి లెక్కలు వ్రాసినవాడను. నాకు వచ్చిన నాలుగు సంస్కృతపు ముక్కలు, కావ్యపరిచయము ఈ గ్రంథాలయపు బీరువాలలో దొరికినవే. లెక్కల చేయి గనుక ఏది చూచినను జమ యెంత, ఖర్చెంత, నిల్వ యెంత అని అడుగుట నాకు అలవాటు. ఆ అలవాటుతోనే మన రెండు నదులను చూచితిని.

మన ప్రాంతపు నీళ్లకు ఒక వింత కలదు. వికారాబాదు చెంతనున్న అనంతగిరి గుట్టలపై కురిసిన వాన రెండు దిక్కులకు చీలిపోవును. తూర్పు వాలున పడినది మూసీ యగును. పడమటి వాలున పడినది వాగులై, కాగ్నాలో కలిసి, తాండూరు ప్రక్కగా కర్ణాటకములోనికి పోవును. రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము, అనగా నేటి మాళ్ఖేడు, ఆ కాగ్నా ఒడ్డుననే యున్నది. తొమ్మిదవ శతాబ్దమున అమోఘవర్షుడు త్రాగిన నీరు మన గుట్టలమీది నీరేయని చెప్పుకొనుటలో మనకు కొంత గర్వమున్నను తప్పులేదు. కాగ్నా కలబురగి జిల్లాలో భీమలో కలియును. భీమ నారాయణపేట జిల్లా తంగడి దాపున కృష్ణలో కలియును. ఇక మూసీ సుమారు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద అదే కృష్ణను చేరును. ఒక గుట్టమీద విడిపోయిన రెండు చినుకులు జూరాల, శ్రీశైలము, నాగార్జునసాగరము దాటిన తరువాత గాని మరల కలిసికొనవు.

మూసీకి ముచికుంద యను పేరు కలదు. కాలయవనుని కంటిచూపుతో భస్మము చేసిన ముచికుందుడు నిద్రించిన గుహ అనంతగిరిలోనిదేయని స్థలపురాణము. భాగవతకథకు ఈ స్థలము చేరుట ఎప్పటి మాటయో నిర్ణయించుట నా పని కాదు. కాని మునులు తపస్సునకు అచ్చట కూర్చుండుటకు కారణము మాత్రము నేను చెప్పగలను: నీరు తీయన. ఆ గుట్టల నెత్తిన ఎఱ్ఱని చిల్లులరాయి పొర యున్నది. భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని లాటరైటు అందురు. వేలకొలది వర్షాకాలములు ఆ రాతిలోని కరుగు ఉప్పులను కడిగివేసినవి. ఇంక కరుగుటకు అందులో ఏమియు మిగులలేదు. కనుక ఆ గుట్టల ఊట వాననీటివలెనే యుండును. దిగి నల్లరేగడిలోనికి, తాండూరు సున్నపురాతి నేలలోనికి వచ్చునప్పటికి నీటి రుచి మారును.

ఈ సంగతి పూర్వులకు తెలియనిది కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో దగార్గలమను అధ్యాయము భూమిలోని నీటిజాడలను గూర్చినది. ఆకసమునుండి పడిన నీరు ఒకే రుచి గలదనియు, నేలను బట్టి నానా రుచులు పొందుననియు ఆయన ఆరవ శతాబ్దముననే చెప్పెను. ఇంతవరకు ఆయన మాట అక్షరసత్యము. అధ్యాయాంతమున మాత్రము, చిల్లగింజ మొదలగు ద్రవ్యముల పొడి బావిలో వేసినచో మురికిది, చేదుది, ఉప్పుది యగు నీరు తేటయై తీయనగునని కూడ చెప్పెను. నేనొక యెండకాలము మా చేని బావినీటిని కుండతో తెచ్చి, చిల్లగింజ అరగదీసి కలిపి చూచితిని. నీరు అద్దమువలె తేటపడినది. నోటబోసికొన్నచో ఉప్పు ఉప్పుగానే యున్నది. మహానుభావుని తప్పుపట్టుటకు కాదు గాని, మురికి వేరు, ఉప్పు వేరు అను భేదమును ఆనాడే నేను నేర్చితిని. ఈ వ్యాసమునకంతకు ఆ భేదమే ఆధారము.

ఉప్పునేల మనకు క్రొత్తది కాదు. చాకలివారు చౌడుమన్ను తెచ్చి బట్టలుదుకుట మన పెద్దలందరు చూచినదే. సముద్రము దూరమైన దక్కనులో ఉప్పరులు చౌటిమన్నును నీట కలిపి, వడగట్టి, ఎండబెట్టి ఉప్పు తీసెడివారు. ఆ వృత్తి పోయిన తరువాత వారే చెరువులు త్రవ్వు మన్నుపనిలో నిలిచిరి. రైతు భాషలో చౌడు రెండు విధములు. నేలమీద తెల్లగా పేరుకొని, నీటితో కడిగిన పోవునది పాలచౌడు. నల్లగా జిడ్డుగా నుండి నీటిని లోనికి దింపనిది కారుచౌడు. కారుచౌడునకు జిప్సము వేసి, జీలుగ పెంచి దున్నవలెను. పాలచౌడునకు మందు నీరే. అయితే కడిగిన నీరు బయటికి పోవు దారి ఉండవలెను. ఆ దారియే అసలు చిక్కు. మన చెరువుల క్రింద, కట్ట దిగువను, జౌకు నేల యుండును. చెరువు ఊట అడుగుగా పారి అచ్చట పైకి లేచును. ఎండ నీటిని లాగికొనును, ఉప్పును విడిచిపెట్టును. ఆ జౌకులోని నీరు ఒర్రెలో పడును, ఒర్రె వాగులో పడును, వాగు కాగ్నాలో పడును.

ఇచ్చట నా స్వంత చరిత్ర ఒక చిన్నది చెప్పవలసియున్నది. దానిని దాచి ఈ వ్యాసము వ్రాయుట న్యాయము కాదు.

నేను కొలువులో చేరిన తొలి యేండ్లలో, మా చెరువు ఆయకట్టు చివర ఒక రైతు ఉండెను. నన్ను “పంతులూ” అని పిలుచువాడు, తండ్రి వయసువాడు. ఒక యాసంగి వచ్చి, “పంతులూ, మడిలో తెల్లగ పేరుతున్నది, నారు పసుపుబారుతున్నది, జర రాసుకో” అనెను. పహాణీలో సర్వే నంబరునకు, విస్తీర్ణమునకు, పట్టాదారునకు, కబ్జాదారునకు, పంటకు, నీటి ఆధారమునకు గళ్లున్నవి. ఉప్పునకు గడి లేదు. రిమార్కుల గడి యున్నది, నిజమే; అందులో వ్రాయవచ్చును. నేను వ్రాయలేదు. పంట గడిలో ‘పడావు’ అని వ్రాసితిని. మరుసటి యేడు పడావు. ఆ మరుసటి యేడును పడావు. అటుపిమ్మట ఆయకట్టు రైతులు జౌకు నీరు బయటికి పోవుటకు ఒక మురుగుకాలువ కావలెనని అర్జీ పెట్టుకొనిరి. పైవారు పహాణీలు తిరుగవేసి, ఇచ్చట చౌడు అను మాటయే లేదు, రైతు తనంతట సేద్యము మానుకొన్నాడు అని తేల్చిరి. కాలువ రాలేదు. ఆ తేల్పునకు ఆధారము నా చేతివ్రాతయే. రైతు ఆ రెండెకరములలో బోరు వేయించెను. నీరు ఉప్పుగా పడెను. భూమి అమ్మివేసెను. కొడుకు తాండూరులో నాపరాళ్ల పాలిషింగు కార్ఖానాలో పనికి కుదిరెను. ఆ ముసలాయన చనిపోవు వరకు నన్ను ఒక్క మాట అనలేదు. పంతులూ అని పిలుచుట కూడ మానలేదు.

అప్పటినుండి, ఉప్పు యెచ్చట జమయగును, దాని పద్దు ఎవరు వ్రాయుదురు అను ప్రశ్న నన్ను వదలలేదు. జవాబు వెదకుటకు మొదట మూసీ వెంట పోవలసి వచ్చినది.

మూసీ చరిత్రలో అందరికి తెలిసిన తేది 1908 సెప్టెంబరు 28. ఆనాటి వరద హైదరాబాదులో వేలకొలది ప్రాణములు తీసినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీకి అడ్డముగా ఉస్మాన్ సాగరు 1920లోను, ఈసీ నదిపై హిమాయత్ సాగరు 1927లోను ముగిసినవి. అనంతగిరి తీయని నీరు ఆ రెండు సాగరములలో నిలిచి నగరమునకు దాహము తీర్చినది. వాటి పరీవాహకమును కాపాడుటకు 1996లో 84 గ్రామములకు వర్తించునట్లు 111వ ఉత్తరువు వచ్చినది. 2022లో ఆ ఆంక్షలు తొలగించుచు వేరొక ఉత్తరువు వచ్చినది. ఈ రెండవదానిని గూర్చి మన గ్రామములలో రెండు మాటలున్నవి. భూమి ధర పెరుగునని సంతోషించినవారు కలరు, నీరు చెడునని వగచినవారు కలరు. నేను రెండవ పక్షమువాడను.

నగరము పెరిగిన కొలది ఆ రెండు సాగరములు చాలలేదు. 1965లో మంజీర నీరు, 1990 ప్రాంతమున సింగూరు నీరు, 2004లో నాగార్జునసాగరమునుండి కృష్ణ నీరు, 2015లో గోదావరి నీరు వచ్చినవి. ఇన్ని నదుల నీళ్లు ఇండ్లలో వాడబడి, కడకు మురుగై మూసీలో పడుచున్నవి. ఇందులో ఒక చమత్కారము గమనింపుడు. తాండూరు దాటి పడమటికి పోయిన మన కాగ్నా చినుకు, భీమ కృష్ణల ద్వారా సాగరమునకు చేరి, గొట్టములలో హైదరాబాదునకు ఎక్కివచ్చి, మురుగుగా మూసీలో పడవచ్చును. వాడపల్లిలో కలియవలసిన తోబుట్టువులు అంబరుపేట దిగువననే కలిసికొనుచున్నారు; ఏ రూపమున కలిసికొనుచున్నారో చెప్పనక్కరలేదు.

వేసవిలో ఎండిపోవు మూసీ ఈ మురుగువలన పన్నెండు నెలలు పారు నది యైనది. నగరము దిగువను ఆ నీటితో వేలాది ఎకరముల వరి, బర్రెలకు పచ్చగడ్డి పెరుగుచున్నవి. పాతకాలపు కత్వాలు నీటిని నిలిపి కాలువలకు మళ్లించుచున్నవి. పటాన్‌చెరులో కార్యాలయమున్న అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థవారు 2000 తరువాతి దశాబ్దములో మూసీ నీటిని నగరమునుండి దిగువకు చోటుచోట పన్నెండు నెలలపాటు పరీక్షించిరి. కత్వాల వెనుక నీరు నిలిచి, తేరుకొని, ఎండ తగిలి, నలుబది కిలోమీటర్ల లోపుననే రోగక్రిములు, కుళ్లు చాల తగ్గిపోయినవని తేలినది. ఎవరో పూర్వులు సేద్యమునకు కట్టిన కత్వాలు నేడు నగరపు పాపమును కడుగుచున్నవన్నమాట. అయితే ఆ మంచి మార్పునకు లొంగనివి రెండు: నత్రజని, ఉప్పు. మా బావినీటి కుండలో చిల్లగింజ చేసిన పనినే కత్వాలు మూసీలో చేసినవి. మురికి అణగినది. ఉప్పు అట్లే యున్నది.

దిగువకు పోయినకొలది నీరు ఉప్పదనము పొందుటకు కారణము లెక్కవలన బోధపడును. చెట్టు త్రాగునది నీటినే. ఉప్పును వేరుల వద్దనే విడిచిపెట్టును. సూర్యుడు ఆవిరిచేయునది నీటినే. చేనికి పది కడవలు పోసి, ఎనిమిది కడవలు పంటకు, ఎండకు పోయినవనుకొనుడు. నేలలోనికి దిగిన రెండు కడవలలో పది కడవల ఉప్పు ఉండును. అనగా అయిదింతలు చిక్కన. ఆ నీరు భూమిలో నిలువదు. మన తెలంగాణమున పైమన్ను, మెత్తరాయి పొరలు దాటిన అడుగున గట్టి నల్లరాయి యుండును. నీరు అడ్డముగా పల్లమునకు జరుగును. పల్లమనగా ఏరు. వర్షాకాలము గడచి పైనీరు తగ్గిన మాసములలో ఏటిలో పారునది చాలవరకు ఈ ఊటనీరే. దిగువ కత్వా ఆ నీటిని మరల పట్టి, మరల చేనికి పారించును. మరల ఎనిమిది కడవలు పోవును. నీరు ఎన్ని చేలలో దిగి పైకి తేలునో అన్నిసార్లు చిక్కబడును.

పరిమాణము తెలియుటకు ఇంకొక లెక్క. లీటరునకు ఒక గ్రాము ఉప్పు కరిగియున్న నీరు అనుకొందము. త్రాగునీటికి లీటరునకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిదనియు, గత్యంతరము లేనిచోట 2,000 వరకు ఒప్పుకొనవచ్చుననియు మన దేశ ప్రమాణము. కనుక ఇది మరీ చెడ్డ నీరేమియు కాదు. ఒక ఎకరము వరికి పంటకాలమంతటను మీటరు లోతు నీరు పెట్టినచో సుమారు 4,047 ఘనమీటర్లగును. అందులోని ఉప్పు 4,000 కిలోలకు పైమాట. నలుబది క్వింటాళ్లు! ఆ మడిలో అన్ని వడ్లు పండుట అరుదు. వడ్లు బండికెక్కి ఊరికి పోవును. ఉప్పు ఏ బండికి ఎక్కదు. అది వాననీటితో అడుగునకు దిగి ఏటికైనను పోవలెను, లేదా మడిలోనైనను ఉండవలెను.

ఈ లెక్క తెలియక, లేదా తెలిసియు దారిలేక, చెడిన దేశములు చరిత్రలో కలవు. యూఫ్రటీసు, టైగ్రిసు నదుల నడుమ సుమేరియనులు మట్టిపలకలపై వ్రాసిన పంటలెక్కలను బట్టి, మొదట సమముగా పండిన గోధుమ యవలలో గోధుమ క్రమముగా తగ్గి, క్రీస్తుపూర్వము 1700 నాటికి దక్షిణ భాగమున ఇంచుమించు మాయమైనదని జాకబ్‌సెన్, ఆడమ్స్ అను విద్వాంసులు 1958లో ప్రకటించిరి. యవ ఉప్పును ఓర్చును, గోధుమ ఓర్వలేదు. ఈ నిర్ణయమును ఒప్పుకొనని పండితులును కలరు. నన్ను ఆకర్షించినది వేరు. ఆ పలకలు వ్రాసినవారు మావంటి లెక్కలవారే. వారును ఏ పంట ఎంత అని వ్రాసిరి. ఏల తగ్గినదో చెప్పు గడి వారి పలకలలోను అరుదే.

ఏటిలోనికి ఊరు ఉప్పును దారిలోనే అడ్డగించిన దేశమొకటి మాత్రము ఉన్నది. ఆస్ట్రేలియాలో ముర్రే అను పెద్దనది కలదు. దాని దిగువ ప్రదేశమున భూమి అడుగున పూర్వకాలపు ఉప్పునీరు నిలిచియున్నది. లోతువేరుల ‘మల్లీ’ చెట్లు వాననీటిని పీల్చివేయుచున్నంత కాలము ఆ నీరు కదలలేదు. తెల్లవారు వచ్చి ఆ చెట్లు నరికి గోధుమ వేసిరి. ఏటి గట్లమీద ద్రాక్ష, నారింజ తోటలు వేసి నీరు పారించిరి. పైనుండి దిగిన నీరు అడుగునున్న ఉప్పునీటిని ఏటివైపునకు నెట్టెను. కొన్నిచోట్ల తోటలు లేకున్నను ఆ ఊట సహజముగానే ఏటిలో పడుచుండెను. అడిలైడు నగరము ఆ నీటినే త్రాగవలెను.

వారు చేసిన పని వినుటకు సులభము. ఉప్పునీరు ఏటిలో పడు చోట, గట్టు వెంబడి వరుసగా బోర్లు వేసిరి. అడుగునీరు ఏటిమట్టమునకంటె ఎత్తుగా నున్నంతవరకే గదా ఏటివైపునకు వాలు ఉండునది? పంపులతో ఆ నీటిని తోడి, మట్టము ఏటిమట్టమునకు దించినచో వాలు పోవును, ఊట ఆగును. తోడిన ఉప్పునీటిని గొట్టములలో ఏటికి దూరముగా నున్న పల్లమునకు పంపి ఎండకు వదలుదురు. వూల్‌పుండా అనుచోట 1990 ప్రాంతమున ఆరంభించిన ఏర్పాటు ఇట్టిదే. ఆ నీరు స్టాక్‌యార్డు ప్లెయిన్ అను మడుగునకు పోవును. ఇట్టి ఏర్పాట్లన్నియు కలిసి ఏటా సుమారు 5 లక్షల టన్నుల ఉప్పు ఏటిలో పడకుండ మళ్లించుచున్నవి. దీనికి ఖర్చున్నది. పంపులు ఆగరాదు, కరెంటు బిల్లు ఆగదు, మడుగులో ఉప్పు ఏటేట పెరుగుచునే యుండును. ఏటిలో నుండుటకంటె మడుగులో నుండుట మేలని ఎంచుకొనుటయే తప్ప, ఉప్పును లేకుండ చేసిన విద్య ఇది కాదు.

కాని నేను రెండు రాత్రులు నిద్రమాని చదివినది ఆ పంపుల సంగతి కాదు, వారి దప్తరము సంగతి. ముర్రే నది మూడు రాష్ట్రములగుండ పారును. పైవాని చేను క్రిందివాని నోటిలో ఉప్పు పోయును. 1988లో ఆ రాష్ట్రములు ఒక ఒడంబడికకు వచ్చినవి. మోర్గన్ అను ఊరివద్ద నీటి విద్యుద్వాహకతను కొలుచుచుండవలెను. నూటికి 95 పాళ్లు కాలము అది 800 ప్రమాణములకు లోపల ఉండవలెను. నీటిలో ఉప్పు ఎక్కువైన కొలది కరెంటు సులువుగా పారును గనుక ఇది ఉప్పును తూచు త్రాసువంటిది. ఏ రాష్ట్రమైనను క్రొత్త తోటలకు నీరిచ్చి ఏటి ఉప్పు పెంచినచో వారి పద్దున ఖర్చు వ్రాయుదురు. ఉప్పునడ్డగించు పని చేసినచో జమ వ్రాయుదురు. ‘ఎ’ రిజిస్టరు 1988 తరువాతి పనులకు. ‘బి’ రిజిస్టరు అంతకుముందటి వారు చేసిన పనుల ఫలితము ఇప్పుడు మెల్లగా ఏటిని చేరుచున్నందుకు. తాతలు చెట్లు నరికిన ఫలము మనుమల కాలమున ఏటిలో పడునని ఒప్పుకొని, దానికొక పుస్తకము తెరిచిన ప్రభుత్వము నేను విన్నంతలో అదొక్కటే. నా జీవితమంతయు నేను వ్రాసిన రికార్డులలో అటువంటి గడి లేదు.

అమెరికాలో కొలరాడో నది కథ ఇంత సాఫీగా నడువలేదు. 1961లో ఎగువ పొలముల ఉప్పుమురుగు ఏటిలో పడి, దిగువనున్న మెక్సికో రైతుల పంటలు చెడెను. 1973లో ఒడంబడిక, 1974లో శాసనము వచ్చినవి. దాని ఉపనదియైన డొలోరెస్ ఒక ఉప్పుపొర మీదుగా పారుచోట ఉప్పునీటిని బోర్లతో తోడి, 1996నుండి సుమారు మూడు మైళ్ల లోతునకు నెట్టిరి. అందువలన భూమి అదరుట మొదలైనది; 2019లో 4.5 తీవ్రతగల భూకంపము వచ్చినప్పుడు ఆ పని ఆపవలసి వచ్చినది. ఉప్పును పాతరవేయుట కూడ అంత సుళువు కాదు.

మన తెలుగునాట ఈ ప్రయత్నము జరుగకపోలేదు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులోను, నాగార్జునసాగర్ కుడికాలువ క్రింది కోనంకిలోను, బాపట్ల వ్యవసాయ శాస్త్రజ్ఞులు డచ్చివారి సహకారముతో 1990 దశకపు చివర పొలము అడుగున చిల్లుల గొట్టములు పాతి ఉప్పునీటిని బయటికి తీసి చూపిరి. నేల బాగుపడినది, దిగుబడి పెరిగినది. నేను పత్రికలలో ఆ సంగతి చదివి పొంగిపోయి, పిమ్మట ఒక ప్రశ్న వేసికొంటిని. గొట్టములోనుండి వచ్చిన నీరు ఎచ్చటికి పోయినది? డెల్టాలో సముద్రము దాపుననే యున్నది. కాలువ త్రవ్వి పంపవచ్చును. మనకు సముద్రము మూడువందల కిలోమీటర్ల పైమాట. మన మడినుండి బయటికి తీసిన ఉప్పునకు ఒర్రె, వాగు, కాగ్నా తప్ప వేరు దారి లేదు. ఆ దారిలో ఎందరు త్రాగుచున్నారో లెక్కపెట్టినచో తాండూరు పట్టణముతోనే ఆరంభింపవలెను. నాడు మా ఊరికి రాని మురుగుకాలువ వచ్చియున్నచో ఏమగును? ఆ రైతు మడి బాగుపడును. ఆ ఉప్పు కాగ్నాలో పడును. ఈ ఆలోచన వచ్చిననాడు నా తప్పు కొంత తగ్గినదని సంతోషించుటకు బదులు, తప్పు రెండుచోట్ల నున్నదని తెలిసినది.

కాబట్టి సముద్రము లేని మనకు తగిన ఉపాయము ఉప్పును తోడుట కాదు, ఉప్పును కదలనీయకుండుట. అడుగునకు దిగు నీరెంత తగ్గినచో ఏటికి ఊరు ఉప్పంత తగ్గును. చెరువు క్రింద వరికి కావలసినదానికంటె నిలువబెట్టకుండుట, తూము ఊటను అరికట్టుట, జౌకున కానుగ, సర్కారుతుమ్మవంటి ఉప్పునోర్చు చెట్లను పెంచి అడుగునీటిని పీల్పించుట, ఇవి అందులో కొన్ని. సర్కారుతుమ్మ చేలలోనికి ప్రాకు దుర్మార్గపు చెట్టని నాకు తెలియును, కానుగయే మేలు. 1967లో కట్టిన కోటపల్లి ప్రాజెక్టు క్రిందను, పల్లపు మళ్లలో, ఈ జాగ్రత్త ముఖ్యము. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని ఊరూర సంబరము చేసికొంటిమి. కంది ఉప్పును ఓర్చు పంట కాదు, వేరున నీరు నిలిచినను ఓర్వదు. ఆ గుర్తింపు కాగితము మన నేలకు ఇచ్చినదే గనుక నేల మారినచో కాగితమున కేమి విలువయో ఎవరైనను ఊహింపవచ్చును. నాపరాతి గనుల పాడుగుంటలను గూర్చి కూడ ఒకమాట. వాననీరు నిలిచిన గుంట మేలే. పాలిషింగు బురద, మురుగు పోసిన గుంట మాత్రము నేలలోనికి తెరిచిన నోరు.

ఇక గ్రంథాలయమునకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పి ముగింతును. ఉద్యోగము పోయిన తరువాతి యేడు, కలమువంటి చిన్న మీటరు ఒకటి కొంటిని. నీటిలో ముంచిన విద్యుద్వాహకతను అంకెలలో చూపును. ప్రతి అమావాస్య మరునాడు ఊరిలోని పదకొండు బావుల నీరు, చెరువు తూము నీరు, ఒర్రె వాగులో కలియుచోటికి పైన ఒకచోట, క్రింద ఒకచోట నీరు తీసి చూచుచున్నాను. పాత పహాణీలవలెనే గళ్లు గీచి, ఒక గడి అధికముగా చేర్చి, పుస్తకము కుట్టితిని. వానలు వెనుకబట్టిన మాసములలో ఒర్రె క్రిందిచోటి అంకె పైచోటి అంకెకంటె ఎక్కువగా నుండుట ఇప్పటికి నాలుగేండ్లుగా చూచుచున్నాను. ఆ రైతు అమ్మిన రెండెకరములు ఆ రెండు చోట్ల నడుమనే యున్నవి.

పుస్తకము గ్రంథాలయపు తూర్పు బీరువాలో, నిఘంటువుల ప్రక్కన ఉంచబడినది. మీటరు కార్యదర్శిగారి వద్ద నున్నది. నాకు మోకాళ్లనొప్పి వచ్చి గట్టు దిగుట కష్టమగుచున్నది గనుక, గడచిన రెండు మాసములుగా ఆ రైతు మనుమడు, పదవ తరగతి చదువుచున్న బాలుడు, నీరు తెచ్చి అంకెలు వ్రాయుచున్నాడు. వాని చేతివ్రాత నా వ్రాతకంటె బాగుగా నున్నది.